నారింజ మరుగుజ్జు ముందు నుంచి గ్రహం దాటుతుంటే పట్టుకోవడం ఎలా

నా టెలిస్కోప్ చిన్నది. ముందు కటకం అడ్డకొలత 80 మిల్లీమీటర్లు. దానికి ఒక పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా తగిలించి, 64 కాంతి సంవత్సరాల అవతల ఒక నక్షత్రం ముందు నుంచి దాని గ్రహం దాటిపోవడాన్ని ఇప్పటికి పదకొండుసార్లు రికార్డు చేశాను. నక్షత్రం పేరు హెచ్‌డీ 189733. మన సూర్యుడి కంటే కాస్త చిన్నది, కాస్త చల్లనిది, నారింజ మరుగుజ్జుల జాతికి చెందినది. దాని గ్రహాన్ని హెచ్‌డీ 189733 బి అంటారు.

ముందే ఒక మాట. గ్రహం మీకు కనబడదు, ఏ చిన్న టెలిస్కోప్‌లోనూ కనబడదు. మీరు చేసేది నక్షత్రపు వెలుగును తూకం వేయడం. పక్కనున్న నక్షత్రాలను తూకపు రాళ్ళుగా పెట్టుకుని, నాలుగు గంటలపాటు నిమిషానికోసారి తూచడం. ఆ నాలుగు గంటల మధ్యలో గంటా యాభై నిమిషాలపాటు తూకం నూటికి దాదాపు రెండున్నర వంతులు తగ్గి మళ్ళీ మామూలుకొస్తుంది. ఆ తగ్గిన వెలుగే గ్రహం.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు నేను ఈ నక్షత్రాన్నే చెబుతాను. కారణం దాని పరిమాణం. ఇదే గ్రహం సూర్యుడి ముందు నుంచి వెళితే వెలుగు 1.4 శాతమే తగ్గేది. ఈ నక్షత్రం వ్యాసార్ధం సూర్యుడిదాంట్లో మూడొంతులు, అంటే ముప్పావు వంతు మాత్రమే. పళ్ళెం చిన్నదైతే మీద పెట్టిన మూత ఎక్కువ భాగం కప్పేస్తుంది కదా, అలా ఇక్కడ తగ్గుదల 2.4 శాతానికి పెరుగుతుంది. పైగా నక్షత్రం 7.7 ప్రకాశంతో (ఈ కొలతలో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) బైనాక్యులర్‌లోనే దొరుకుతుంది. ఇంత వెలుగున్న నక్షత్రానికి ఇంత లోతైన తగ్గుదల ఉండడం చాలా అరుదు.

ముందుగా కంటికి రంగు అలవాటు చేయండి

మొదటి సాయంత్రం కెమెరా తీయొద్దు. హంస ఆకారంలో ఉండే సిగ్నస్ రాశిలో 61 సిగ్నీ అనే జంట నక్షత్రం ఉంది. ఏ చిన్న టెలిస్కోప్‌లో చూసినా రెండుగా విడిపోతుంది. రెండూ నారింజ మరుగుజ్జులే, 11.4 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. 1838లో జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్ దూరం లెక్కగట్టింది ఈ జంటకే. నక్షత్రం ఎంత దూరంలో ఉందో మనిషి నమ్మకంగా చెప్పగలిగింది అదే మొదటిసారి. ఫోకస్‌ను కొద్దిగా చెరిపి చూడండి, చుక్క చిన్న బిళ్ళలా విచ్చుకుని రంగు బాగా తెలుస్తుంది. బూడిద పట్టబోతున్న నిప్పుకణిక రంగు.

నారింజ రంగులో కనబడ్డ ప్రతిదీ మరుగుజ్జని మాత్రం అనుకోవద్దు. స్వాతి, రోహిణి కూడా ఆ రంగువే, కానీ అవి ఉబ్బిపోయిన ముసలి నక్షత్రాలు. అంత దూరం నుంచి అంత వెలుగు రావడమే అవి ఎంత పెద్దవో చెబుతుంది. మరుగుజ్జులు అలా మెరవవు, పొదుపుగా మండుతాయి. సూర్యుడి ఆయువు సుమారు 1000 కోట్ల సంవత్సరాలైతే, నారింజ మరుగుజ్జులది అంతకంటే చాలా ఎక్కువ.

నక్షత్రాన్ని వెతకడం

శ్రవణం, అభిజిత్, డెనెబ్ కలిసి పెద్ద త్రిభుజం చేస్తాయి. శ్రవణానికి కొంచెం ఉత్తరంగా, ఆ త్రిభుజం లోపల, బాణం ఆకారంలో చిన్న రాశి ఉంటుంది. పేరు కూడా బాణమే, సజిట్టా. బాణం మొనలో ఉన్న నక్షత్రం మీద బైనాక్యులర్ పెట్టి మూడు డిగ్రీలు ఉత్తరానికి జరిపితే బూడిద రంగు మసక ముద్దొకటి కనబడుతుంది. అది డంబెల్ నెబ్యులా అనే వాయు మేఘం, ఎం27 అని కూడా అంటారు. దాన్ని టెలిస్కోప్‌లో సరిగ్గా మధ్యకు తెచ్చుకోండి.

ఇప్పుడు నేను ఎవరికి చూపించినా ముందుగా చేయించే పని. మౌంట్ (టెలిస్కోప్‌ను మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే పీఠం) మోటారు ఆపేయండి. భూమి తిరుగుతోంది కాబట్టి నెబ్యులా మెల్లగా పడమటికి జారిపోతుంది. చేతి గడియారం చూస్తూ ఉండండి. ఒక నిమిషం ఏడు సెకన్లు అయ్యేసరికి, నెబ్యులా ఉన్న చోటికి ఒక నక్షత్రం దానంతటదే వచ్చి నిలబడుతుంది. అదే హెచ్‌డీ 189733. ఆకాశంలో రెండూ దాదాపు ఒకే అడ్డగీత మీద ఉన్నాయి, వాటి మధ్య ఎడం పావు డిగ్రీ మాత్రమే. అందుకే ఈ కిటుకు పనిచేస్తుంది. నక్షత్రం మధ్యకు రాగానే మోటారు మళ్ళీ వేయండి.

ఫ్రెంచ్ ఖగోళవేత్త మెస్సియే 1764లో ఆ నెబ్యులాను చూశాడు. అప్పటి నుంచి ఎన్ని వేల మంది దాని మీద టెలిస్కోప్ పెట్టి ఉంటారో. పక్కనే, అదే చూపులో, ఈ నక్షత్రం కూడా ఉంది. దీనికి గ్రహం ఉందని తేలింది మాత్రం 2005లో, ఫ్రాన్స్‌లోని ఓత్ ప్రొవాన్స్ అబ్జర్వేటరీలో. నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. అన్నట్టు, చూపులో పక్కపక్కనే ఉన్నా నెబ్యులా వెయ్యి కాంతి సంవత్సరాలకు పైగా వెనకాల ఉంది. రెంటికీ సంబంధం లేదు.

ఏ రాత్రి

గ్రహం నక్షత్రం చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేయడానికి 2.21857 రోజులు పడుతుంది. అంటే 2 రోజుల 5 గంటల 15 నిమిషాలు, కొన్ని సెకన్లు తక్కువ. ఇలా ఉండడం వల్ల చాలా ట్రాన్సిట్లు, అంటే గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటడాలు, మనకు పగలు పడిపోతాయి. ఎక్సోక్లాక్ లాంటి వెబ్‌సైట్లలో మీరున్న చోటు ఇస్తే రాబోయే రాత్రుల జాబితా వస్తుంది. మొదటిదానికి ఆ జాబితా చాలు.

తర్వాతి వాటికి నేను గుర్తుపెట్టుకునే లెక్క ఇది. తొమ్మిది ప్రదక్షిణలు కలిపితే 20 రోజులకు 47 నిమిషాలు తక్కువ. ఈరోజు రాత్రి ఒంటిగంటకు ట్రాన్సిట్ మధ్యభాగం పడితే, 20 రోజుల తర్వాత అదే రాత్రివేళ, 12 గంటల 13 నిమిషాలకు మళ్ళీ వస్తుంది. నక్షత్రం కూడా ఈలోగా దాదాపు గంటా ఇరవై నిమిషాలు ముందుకు జరిగి ఉంటుంది కాబట్టి ఆకాశంలో దాదాపు ఆ ఎత్తునే దొరుకుతుంది. మధ్యలో 9 రోజులకు ఒకటి, 11 రోజులకు ఒకటి కూడా పడతాయి. మొదటిది 3 గంటలు ముందుగా, రెండోది రెండుంబావు గంటలు ఆలస్యంగా.

రాత్రి ఎంచుకునేటప్పుడు రెండు చూడండి. ట్రాన్సిట్‌కు ముందు గంట, తర్వాత గంట కూడా నక్షత్రం 30 డిగ్రీల కంటే ఎత్తులో ఉండాలి. ఆ అటూ ఇటూ గంటలు లేకపోతే మామూలు వెలుగు ఎంతో మీకు తెలియదు, తగ్గుదలను దేనితో పోల్చాలి? ఇక రెండోది, జర్మన్ ఈక్వటోరియల్ మౌంట్ ఉన్నవాళ్ళు నక్షత్రం నడినెత్తి గీత దాటే సమయం చూసుకోవాలి. అప్పుడు టెలిస్కోప్‌ను అటు నుంచి ఇటు తిప్పాల్సి వస్తుంది, నక్షత్రాలు సెన్సర్ మీద వేరే చోటికి పోతాయి, గ్రాఫ్‌లో గట్టు తెగినట్టు ఒక మెట్టు పడుతుంది. అది ట్రాన్సిట్ మధ్యలో పడితే ఆ రాత్రి వదిలేయడమే మేలు.

ఫోకస్ చెరపడం

ఇన్నేళ్ళూ ఫోటోల కోసం ఫోకస్ సూదిమొనలా పెట్టినవాళ్ళకు ఇది మనసొప్పదు. నాకూ ఒప్పలేదు. మొదటి రాత్రి నక్షత్రాలు అద్దంలా ఉన్నాయని సంతోషపడుతూ రెండు వందల ఫ్రేములు తీశాను. తెల్లారి చూస్తే హెచ్‌డీ 189733 మధ్య పిక్సెల్ ప్రతి ఫ్రేములోనూ 16,383 దగ్గర ఆగిపోయి ఉంది. 14 బిట్ కెమెరాకు అదే చివరి గీత. కుండ నిండి పొర్లిపోతుంటే, పైనుంచి పడే ధార నూటికి రెండు వంతులు తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది? రాత్రంతా శుద్ధ దండగ అయింది.

కాబట్టి నక్షత్రం 12 నుంచి 15 పిక్సెళ్ళ వెడల్పున్న బిళ్ళలా కనబడేదాకా ఫోకస్ బయటికి జరపండి. నా అమరికలో ఐఎస్ఓ 400, ఎక్స్‌పోజర్ 60 సెకన్లు. అన్నిటికంటే వెలుగైన పిక్సెల్ 6,000 చుట్టూ ఉంటుంది. మీ కెమెరా వేరైతే అంకెలు మారతాయి, గరిష్ఠంలో సగం దాటకుండా చూసుకుంటే చాలు. వెలుగు ఎక్కువ పిక్సెళ్ళ మీద పరుచుకుంటే ఒక్కో పిక్సెల్ లోపం కూడా పలచబడుతుంది. ఎక్స్‌పోజర్ 5, 10 సెకన్లు పెట్టాలన్న ఆశకు పోవద్దు. చిన్న కటకంలో నక్షత్రాల మిణుకుమిణుకే పెద్ద శత్రువు, నిమిషం పాటు తెరిచి ఉంచితే అది చాలావరకు సర్దుకుంటుంది.

రా ఫైళ్ళే (సెన్సర్ కొలిచింది మార్చకుండా దాచేవి) తీయండి, జేపెగ్ పనికిరాదు. కెమెరాలో నాయిస్ తగ్గించే సెట్టింగులన్నీ ఆపేయండి. మౌంట్‌ను ధ్రువానికి శ్రద్ధగా గురిపెట్టండి, వీలుంటే ఆటోగైడర్ (నక్షత్రం జరగకుండా మౌంట్‌ను తనంతట తానే సరిచేసే పరికరం) వాడండి. నాలుగు గంటల్లో నక్షత్రం పది పిక్సెళ్ళకు మించి జరగకూడదు. కటకం మీద మంచు పట్టకుండా హీటర్ పట్టీ చుట్టండి. ఫ్లాట్లు (ఒకేలా వెలుగున్న తెరను తీసిన ఫ్రేములు), డార్కులు (మూత పెట్టి తీసిన ఫ్రేములు) తప్పనిసరి. ఫ్లాట్లు తీసేటప్పుడు ఫోకస్ గానీ కెమెరా గానీ కదిలించొద్దు, ఆ రాత్రి ఎలా ఉందో అలాగే ఉంచి తీయాలి.

ఇక గడియారం. ఈ ఒక్కటీ మీరు నిర్లక్ష్యం చేయకూడదు. నా మూడో ట్రాన్సిట్‌లో గ్రహం నాలుగు నిమిషాలు ముందే వచ్చేసింది. రెండు రోజులు తల పట్టుకున్నాను, ఇంకో గ్రహం ఏమైనా లాగుతోందా అన్న ఆలోచన కూడా వచ్చింది. చివరికి చూస్తే కెమెరా గడియారం నాలుగు నిమిషాలు వెనకబడి ఉంది. ఇప్పుడు ఏ రాత్రయినా మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్ సమయం చూపిస్తున్న ఫోన్ తెరను అదే కెమెరాతో ఒక ఫోటో తీస్తాను. ఆ ఫోటోలో కనబడే సమయానికీ ఫైల్‌లో రాసుకున్న సమయానికీ తేడా ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

తూకపు రాళ్ళు

ఫ్రేములన్నీ ఆస్ట్రోఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేస్తాను. రంగుల కెమెరా కాబట్టి ముందు ఆకుపచ్చ పిక్సెళ్ళను మాత్రం విడదీయాలి. తర్వాత హెచ్‌డీ 189733 చుట్టూ ఒక వలయం, పోలిక నక్షత్రాల చుట్టూ ఒక్కో వలయం. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములోనూ వలయం లోపలి వెలుగు కూడి, చుట్టూ ఉన్న ఆకాశపు వెలుగు తీసేసి, మన నక్షత్రపు వెలుగును పోలిక నక్షత్రాల వెలుగుతో భాగిస్తుంది. పలచటి మబ్బు వచ్చినా అన్నిటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి భాగహారంలో పోతుంది.

పోలికకు ఏవి తీసుకోవాలన్నదే అసలు విద్య. నా ఫ్రేము రెండున్నర డిగ్రీల పైచిలుకు వెడల్పు ఉంటుంది, 7 నుంచి 9 ప్రకాశం ఉన్నవి చాలా దొరుకుతాయి. ఐదారు ఎంచి ముందు వాటిని ఒకదానితో ఒకటి తూచండి. ఏదైనా తనంతట తాను హెచ్చుతగ్గులు చూపిస్తే తీసేయండి.

మిగిలినవాటిలో రంగు చూడండి. వాతావరణం నీలాన్ని ఎక్కువ మింగుతుంది, నారింజను తక్కువ. నక్షత్రాలు పడమటికి వాలే కొద్దీ నీలి నక్షత్రం త్వరగా మసకబారుతుంది, మన నారింజ మరుగుజ్జు అంత మసకబారదు. రెంటినీ భాగిస్తే గ్రాఫ్ మెల్లగా పైకి ఎక్కుతూ పోతుంది, అసలు ఆకాశంలో ఏమీ జరగకపోయినా. నేను తెల్లటి నక్షత్రాలను పోలికగా పెట్టుకున్న రాత్రి ట్రాన్సిట్ రెండు చివరలూ ఒక మట్టంలోకి రాలేదు. పసుపు, నారింజ రంగులవి పెట్టి అదే డేటా మళ్ళీ తూచితే గీత చాలావరకు చదునైంది. మిగిలిన కొద్దిపాటి వాలు నక్షత్రానిదే కావచ్చు. దాని ఒంటిమీద మచ్చలున్నాయి, పన్నెండు రోజులకోసారి తన చుట్టూ తాను తిరుగుతూ ఒకటి రెండు శాతం హెచ్చుతగ్గులవుతుంది. నాలుగు గంటల్లో అది ఒక సన్నటి వాలుగానే కనబడుతుంది, సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది.

గ్రాఫ్‌లో ఏం కనబడుతుంది

నాకు కుదిరిన మొదటి రాత్రి అంకెలు ఇప్పటికీ నోట్‌బుక్‌లో ఉన్నాయి. మొదటి గంట 0.741, 0.744, 0.742, 0.740, ఇలా 0.742 చుట్టూ తిరుగుతున్నాయి. తర్వాత 0.739, 0.736, 0.732. ఒక్కో చుక్క అటూ ఇటూ అర శాతం దాకా ఊగుతుంది, అందుకని ఒక చుక్కను నమ్మకూడదు, ఐదేసి కలిపి సగటు తీయాలి. ఇరవై నాలుగు నిమిషాలు దిగి, 0.724 దగ్గర గంటసేపు ఆగి, మళ్ళీ ఇరవై నాలుగు నిమిషాలు ఎక్కి 0.742కు వచ్చింది. దిగడానికి అంతసేపు ఎందుకంటే, గ్రహం నక్షత్రపు బిళ్ళకు నడిమధ్య నుంచి కాక ఒక పక్కగా, అంచును ఏటవాలుగా కోస్తూ వెళుతుంది. అది నిజంగా కనబడిందని అర్థమైనప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను.

ఇప్పుడు మీ అంకెలతోనే గ్రహాన్ని కొలవండి. 0.724ను 0.742తో భాగిస్తే 0.976. తగ్గింది 0.024. దాని వర్గమూలం 0.155. అంటే గ్రహం వ్యాసార్ధం నక్షత్రం వ్యాసార్ధంలో 0.155 వంతు. నక్షత్రం వ్యాసార్ధం సూర్యుడిదాంట్లో 0.76, అంటే సుమారు 5,29,000 కిలోమీటర్లు. గుణిస్తే 82,000 కిలోమీటర్లు. గురుగ్రహానిది 71,500. మన గురుడికంటే పెద్ద గ్రహం, 80 మిల్లీమీటర్ల కటకంతో కొలిచింది.

ఎంత దూరంలో తిరుగుతోందో కూడా చేతిలోనే ఉంది. 2.21857 రోజులను సంవత్సరాల్లోకి మారిస్తే 0.006074. దాన్ని వర్గం చేసి, నక్షత్ర ద్రవ్యరాశి 0.82తో (సూర్యుడిదాంట్లో అంత వంతు) గుణించి, ఘనమూలం తీస్తే 0.031 వస్తుంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరంలో 0.031 వంతు, అంటే సుమారు 46 లక్షల కిలోమీటర్లు. అంత దగ్గరగా సెకనుకు 150 కిలోమీటర్ల వేగంతో చుట్టేస్తోంది. కాబట్టే అక్కడ వెయ్యి డిగ్రీల చుట్టూ వేడి. 2013లో హబుల్ టెలిస్కోప్‌తో చూసినవాళ్ళు ఈ గ్రహం ముదురు నీలం రంగులో ఉందని చెప్పారు. సముద్రాలు కావు, వాతావరణంలో తేలే సిలికేట్ ధూళి నీలి వెలుగును చెదరగొట్టడం వల్ల అని వాళ్ళ వివరణ.

ఇదే పద్ధతి అన్ని నారింజ మరుగుజ్జులకూ చెల్లదు. 21 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న హెచ్‌డీ 219134కు చాలా గ్రహాలున్నాయి, లోపలి రెండూ నక్షత్రం ముందు నుంచి దాటుతాయి కూడా. అవి రాతి గ్రహాలు, చిన్నవి. అన్నిటికంటే లోపలిది కప్పే వెలుగు ఒక శాతంలో ఇరవయ్యో వంతు కూడా లేదు. మన గాలి కింద నుంచి అది తూకానికి అందదు. ఎప్సిలాన్ ఎరిడానీ చలికాలపు ఆకాశంలో మామూలు కంటికే కనబడుతుంది, 10.5 కాంతి సంవత్సరాలే. 1960లో అమెరికన్ ఖగోళవేత్త ఫ్రాంక్ డ్రేక్ అక్కడి నుంచి రేడియో సంకేతాలేమైనా వస్తాయేమోనని విన్నాడు. దాని గ్రహం ఒక ప్రదక్షిణకు ఏడేళ్ళకు పైగా తీసుకుంటుంది. చూసి దణ్ణం పెట్టుకోవాల్సిందే, తూకం వేయడానికి లేదు.

రెండో రాత్రి

ఒక్క ట్రాన్సిట్‌తో ఆగొద్దు. రెండోది పట్టుకుంటే గ్రహపు సంవత్సరం ఎంతో మీ అంతట మీరే తేల్చుకోవచ్చు. దిగడం సగమైన సమయం, ఎక్కడం సగమైన సమయం, రెంటికీ మధ్యది తీసుకోండి. భూమి తన కక్ష్యలో ఎక్కడుందో దాన్నిబట్టి వెలుగు కొన్ని నిమిషాలు ముందూ వెనకా అవుతుంది. దాన్ని సరిచేసి సౌర కుటుంబపు ద్రవ్యకేంద్రం దగ్గరి సమయంగా మార్చే ఏర్పాటు ఆస్ట్రోఇమేజ్‌జేలోనే ఉంది, తప్పకుండా వాడండి.

నా మొదటి రెండింటి మధ్య వచ్చిన ఎడం 19 రోజుల 23 గంటల 14 నిమిషాలు. తొమ్మిదితో భాగిస్తే 2.2187. పుస్తకాల్లో ఉన్నది 2.21857. తేడా ఒక ప్రదక్షిణకు పది సెకన్ల లోపే. ఇలాంటి సమయాలను ఎక్సోక్లాక్ వాళ్ళు ఔత్సాహికుల నుంచి తీసుకుంటారు, ఇలాంటి గ్రహాల వాతావరణాలను చూడడానికి యూరప్ తయారుచేస్తున్న ఏరియల్ అంతరిక్ష టెలిస్కోప్ ఏ గ్రహాన్ని ఏ నిమిషాన చూడాలో ముందే తెలిసి ఉండడానికి. రా ఫైళ్ళు, ఫ్లాట్లు, ఆ ఫోన్ తెర ఫోటో, ఏదీ చెరిపేయకండి. తర్వాత నోట్‌బుక్ తీసి, మీరు తేల్చిన సంవత్సరాన్ని తొమ్మిదితో గుణించి, వచ్చే రాత్రి తేదీ, సమయం రాసి పెట్టుకోండి. దాన్ని వెబ్‌సైట్ జాబితాతో పోల్చడం ఆ రాత్రి గడిచాకే.